ఈగల మీదికి కందిరీగలు: ముందు దిబ్బ మీద మందు ఆపండన్నా

అన్నా, తాడిపత్రి దగ్గర మీ గాటిపాట్లో మందు కొట్టినా ఈగలు తగ్గలేదన్నారు, కందిరీగలు వదిలితే ఎనుములను కుడతాయేమోనని అడిగారు. కుట్టవు, టెన్షన్ వద్దు. ఇవి ఈగలను చంపే చిన్న రకం కందిరీగలు, 2-3 మిల్లీమీటర్లే ఉంటాయి.

దిబ్బ అంచున తడి తక్కువగా ఉన్నచోట రెండంగుళాలు తవ్వండి. వడ్లగింజంత ముదురు గోధుమరంగు గొట్టాలు కనిపిస్తాయి. అవి ఈగ ప్యూపాలు, అంటే పురుగు ఈగగా మారే గూళ్లు. కందిరీగ అందులో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల ఈగను లోపలే తినేస్తుంది. ఖాళీ ప్యూపాకు కొన మూతలా ఊడిపోయి ఉంటే ఈగ బయటపడినట్టు. సూదితో పొడిచినట్టు గుండ్రటి బెజ్జం ఉంటే కందిరీగ వచ్చినట్టు. మా దిబ్బలో ఏమీ వదలకముందే అలాంటివి కనబడ్డాయి, ప్రాణం లేచొచ్చిందన్నా! దిబ్బ మీద కొట్టే మందుకు ఈ కందిరీగలూ చస్తాయి.

ఎండాకాలం ఈగకు 10 రోజుల్లో కొత్త తరం వస్తుంది, కందిరీగకు దాదాపు 3 వారాలు. అందుకే ఒకసారి వదిలితే చాలదు, వారం రెండు వారాలకోసారి వదలాలి. పేడ, తడిసిన చెనిక్కాయ కట్టె రోజూ ఎత్తేయాలి, లేకుంటే ఎన్ని వదిలినా వృథా.

ట్రైకోకార్డులు మాత్రం కొనకండి. అవి వేరే రకం కందిరీగలుండే అట్టలు, పంటను తినే పురుగుల గుడ్లకు. మీకు కావాల్సింది స్పలాంజియా, ఈగ ప్యూపాల్లో గుడ్డు పెట్టే ఈ కందిరీగ పేరు అదే.