ఒప్పందం ఉంది సరే, అందులో ఏముంది?

ప్రశ్న: ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో మా అమ్మాయికి సీఎస్‌ఈ డేటా సైన్స్ సీటు వచ్చేలా ఉంది. మేము చూసిన రెండు కళాశాలలూ పెద్ద కంపెనీలతో ఎంఓయూలు ఉన్నాయంటున్నాయి. ఒకటి కంపెనీ సర్టిఫికెట్ పేరిట ఏటా అదనపు రుసుము కూడా అడుగుతోంది. తేడా ఎలా తెలుసుకోవాలి?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఎంఓయూ చాలావరకు కలిసి పనిచేయాలన్న ఉద్దేశాన్ని తెలిపే కాగితమే తప్ప, ఉద్యోగాలిస్తామనో పాఠాలు చెబుతామనో కట్టుబడే పత్రం కాదు. సంతకాల రోజు పత్రికల్లో ఫొటో రావడంతోనే సరిపెట్టుకున్న ఒప్పందాలు కొల్లలు. అందువల్ల ఎన్ని ఎంఓయూలున్నాయని కాక, వాటిలో ఏదైనా సిలబస్‌లోకీ మార్కుల జాబితాలోకీ వచ్చిందా అని అడగండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాల విశ్వవిద్యాలయం ఇచ్చిన సిలబస్‌నే బోధించాలి కాబట్టి, అక్కడ కంపెనీ కోర్సు సాధారణంగా క్రెడిట్లు లేని అదనపు సర్టిఫికెట్‌గానే మిగిలిపోతుంది. అటానమస్ కళాశాలకైతే సిలబస్ నిర్ణయించే సొంత కమిటీ, అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది, అందులో పరిశ్రమ ప్రతినిధి ఉంటారు. వారి సూచనతో ఇటీవల ఏ సబ్జెక్టు మారిందో శాఖాధిపతి తడుముకోకుండా చెప్పగలిగితే ఆ భాగస్వామ్యంలో సరుకున్నట్టే.

అంతకన్నా గట్టి పరీక్ష మరొకటుంది. మూడో ఏడాది విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు ఒకటి రెండు చూపించమనండి. కొత్తవారు సాధన కోసం వాడే టైటానిక్ ప్రయాణికుల పట్టిక, 150 పువ్వుల కొలతలున్న ఐరిస్ పట్టిక తప్ప మరేమీ కనిపించకపోతే, కంపెనీల డేటా ఆ తరగతి గడప తొక్కలేదని అర్థం. వాటితో మొదలుపెట్టడంలో తప్పు లేదు, అక్కడే ఆగిపోవడమే చిక్కు. నిజమైన డేటాలో ఒకే ఊరు ఒక వరుసలో రాజమండ్రి, మరో వరుసలో రాజమహేంద్రవరం, ఇంకో వరుసలో ఆర్‌జేవై అని ఉంటుంది. తేదీలో రోజు ముందో నెల ముందో తెలియదు. వయసు గడిలో ఫోన్ నంబరు కూర్చుని ఉంటుంది. వీటిని సరిచేయడానికి పట్టే సమయం తరచూ ఆ డేటాతో అంచనాలు వేసే మోడల్ తయారీకి పట్టే సమయాన్ని మించిపోతుంది. ఇలాంటి డేటా కంపెనీలు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖల దగ్గరే ఉంటుంది కాబట్టి, భాగస్వామ్యం అవసరమయ్యేది ప్రధానంగా ఇందుకే; సర్టిఫికెట్ కోసం కాదు. వ్యక్తుల వివరాలు తొలగించి ఇవ్వాల్సిన శ్రమకు జడిసి చాలా సంస్థలు ఇక్కడే వెనకాడతాయన్నది వేరే సంగతి.

అదనపు రుసుము తప్పనిసరా, ఐచ్ఛికమా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. తెలంగాణలో ఇంజినీరింగ్ కళాశాలల రుసుములను టీఏఎఫ్‌ఆర్‌సీ (ప్రవేశాలు, రుసుముల నియంత్రణ కమిటీ) పరిశీలిస్తుంది.

ప్రశ్న: బీకాం చదివి ఉద్యోగం చేస్తున్నాను. ఒక ఎడ్‌టెక్ సంస్థ, ఫలానా విశ్వవిద్యాలయంతో కలిసి ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ ఎమ్మెస్సీ ఇస్తామని రోజూ ఫోన్ చేస్తోంది. చేరవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: యూజీసీ 2020 నాటి నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ డిగ్రీని విశ్వవిద్యాలయం ఫ్రాంచైజీకి ఇవ్వడానికి వీల్లేదు, ఈ విషయాన్ని 2022 జనవరిలో బహిరంగ ప్రకటనతో మరోసారి గుర్తుచేసింది. కాబట్టి ప్రవేశం, పరీక్ష, పట్టా మూడూ విశ్వవిద్యాలయం చేతిలోనే ఉండాలి. మీరు చెప్పిన కోర్సు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో, మీరు చేరే విద్యా సంవత్సరానికి ఉందో లేదో చూడనిదే ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. డిగ్రీ స్థాయిలో మొదలుపెట్టడానికి అభ్యంతరం లేకపోతే, ఐఐటీ మద్రాసు 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సును పరిశీలించండి. జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాల తర్వాత అర్హత పరీక్ష ఉంటుంది. మధ్యలో ఆపినా ఫౌండేషన్, డిప్లొమా వంటి స్థాయిల్లో పూర్తి చేసినదానికి గుర్తింపు దక్కుతుంది. ప్రధాన పరీక్షలను మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి.

ప్రశ్న: ఇంటర్న్‌షిప్ మేలా, అప్రెంటిస్‌షిప్ మేలా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: అవకాశం ఉంటే అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద కాంట్రాక్టు రాసుకుంటారు, స్టైపెండ్ ఇవ్వక తప్పదు, ఎన్ఏటీఎస్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ) పథకంలో అందులో కొంత భాగాన్ని కేంద్రం భరిస్తుంది. ఇంటర్న్‌షిప్‌కు ఈ రక్షణ లేదు. డబ్బు తీసుకుని ఇంటర్న్‌షిప్ ఇచ్చేవారూ ఉన్నారు, వారి జోలికి వెళ్లవద్దు.