సూటిగా చూస్తే చుక్క మాయం: కంటి లోపమేనా?

కంగారు పడకండి. మసక నక్షత్రం వైపు సూటిగా చూస్తే మాయమై, చూపు పక్కకు తిప్పగానే మళ్లీ కనిపిస్తోందన్నారు కదా, అది జబ్బు కాదు. కన్ను కట్టిన తీరే అంత.

కంటి వెనుక ఉండే పొర రెటీనా. అందులో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. కోన్లు సుమారు 60 లక్షలు. రంగులు, సన్నటి అక్షరాలు వీటి పని, కానీ వీటికి వెలుగు బాగా కావాలి. రాడ్లు దాదాపు 12 కోట్లు. రంగు తెలియదు గానీ చీకట్లో ఇవే దిక్కు. మనం సూటిగా చూసినప్పుడు బొమ్మ పడే చోటు ఫోవియా. దాని నట్టనడుమ, అర మిల్లీమీటరు కూడా లేని జాగాలో, రాడ్లు అసలుండవు. పగలు సూది బెజ్జంలో దారం ఎక్కించేది ఆ చోటే, రాత్రి మాత్రం గుడ్డిది! రాడ్లు బాగా చిక్కగా ఉండేది దానికి 15 నుంచి 20 డిగ్రీల అవతల.

అందుకని చుక్కను కాక, దానికి కాస్త పైన చూడండి. ఒంటి కన్నుతో టెలిస్కోపులో చూస్తుంటే మాత్రం చూపు చెవి వైపుకి జరపాలి, ముక్కు వైపుకి జరిపితే చుక్క వెళ్లి, వెలుగును పట్టే కణాలే లేని బ్లైండ్ స్పాట్‌లో పడే అవకాశం ఉంది.

ఇంకోటి, రాడ్లలో వెలుగును పట్టే పదార్థం రొడాప్సిన్ పూర్తిగా తేరుకోవడానికి చీకట్లో 20-30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఫోన్ వెలిగించారో, మళ్లీ మొదటికే. తప్పదంటే మసక ఎర్ర లైటు వాడండి.

మసక చీకట్లో నడవడానికే తడుముకుంటున్నారంటే అది వేరే సంగతి, కంటి డాక్టర్‌కి చూపించుకోండి.