మనవరాలి ఇయర్‌బుక్‌లో తాతయ్య ఏం రాయాలి?

ప్రశ్న: న్యూజెర్సీలో పెరుగుతున్న మా మనవరాలు 2026 జూన్‌లో హైస్కూలు పూర్తి చేస్తుంది. వాళ్ల బడి ఏటా పిల్లల ఫొటోలతో వేసే ఇయర్‌బుక్‌ అనే పుస్తకంలో కుటుంబాలు పేజీ కొనుక్కునే వీలుందట. కిండర్‌గార్టెన్ నుంచి సీనియర్ ఇయర్ (హైస్కూలు చివరి ఏడాది) దాకా ఆ పిల్ల చదువును తలుచుకుంటూ నాలుగు మాటలు రాసిమ్మని మా అమ్మాయి నన్ను అడుగుతోంది. 2013లో మనవరాలు బడిలో చేరినప్పుడు నేను ఆరు నెలలు అక్కడే ఉండి, రోజూ సాయంత్రం బస్సు దగ్గరికి వెళ్లి తీసుకొచ్చేవాణ్ని. ఆ తరువాత కళ్లారా చూసింది తక్కువ, ఫోన్‌లో విన్నదే ఎక్కువ. మా రోజుల్లో పదో తరగతి మెమో చేతికొస్తే బడి చదువు అయిపోయినట్టే, దానికి పుస్తకాలు వేసుకున్నది లేదు. అక్కడ ఇంత హడావుడి దేనికి? నేను రాయదగ్గది ఏముంది?
– ఒక విశ్రాంత ఉద్యోగి, తెనాలి

జవాబు: ముందు హడావుడి సంగతి చెప్పుకుందాం. మన దగ్గర పదో తరగతి పబ్లిక్ పరీక్షతో బడికీ మనకూ ఉన్న సంబంధం ఒక్కసారిగా తెగిపోతుంది. ఫలితాలు వచ్చేనాటికే పిల్లలు ఏ జూనియర్ కాలేజీలో చేరాలన్న ఆలోచనలో పడి, పాత బెంచీని మరిచిపోయి ఉంటారు. అమెరికాలో ఇంటర్మీడియట్ వయసు చదువు కూడా బడిలోనే సాగుతుంది. ఐదేళ్లకు కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్ల (మన ఎల్‌కేజీ, యూకేజీల్లా రెండేళ్లు కాదు, అక్కడ అది ఒక్క ఏడాదే) మరో పన్నెండు తరగతులు చదివి, మొత్తం 13 ఏళ్ల తరువాత బడి వదులుతుంది. చాలాచోట్ల ఐదో తరగతి దాకా ఎలిమెంటరీ, ఎనిమిది దాకా మిడిల్, ఆపైన హైస్కూలు అని భవనాలు మారతాయి గాని, కుటుంబం ఇల్లు మారకపోతే తోటి పిల్లల్లో చాలామంది మొదటినుంచీ చివరిదాకా వాళ్లే ఉంటారు. అందుకే జూన్‌లో టోపీలూ గౌన్లూ వేసుకుని, పట్టా అందగానే టోపీ కుచ్చును కుడివైపు నుంచి ఎడమవైపుకు మార్చుకునే ఆ వేడుకను మార్కుల పండుగగా చూడకండి. పలకా బలపం వయసు నుంచి కలిసి తిరిగిన జట్టు విడిపోయే రోజది. మన కాలేజీల్లో చివరి రోజున ఆటోగ్రాఫ్ పుస్తకాలు చేతులు మారినట్టే, అక్కడ ఇయర్‌బుక్ చేతికి రాగానే పిల్లలు ఒకరి పుస్తకంలో ఒకరు రాసుకుంటారు.

ఇక మీరు రాయవలసిన దాని గురించి. ఆ చదువుకు సంబంధించిన కాగితాలు ఎక్కడి నుంచి మొదలవుతాయో గమనిస్తే మీ చోటు మీకే తెలుస్తుంది. ఫ్రెష్‌మన్, సాఫమోర్, జూనియర్, సీనియర్ అనే పేర్లు తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఉన్న నాలుగేళ్లవి. పట్టాకు లెక్కలోకి వచ్చే చదువంతా ప్రధానంగా ఆ నాలుగేళ్లదే. న్యూజెర్సీలో పట్టా పొందడానికి కనీసం 120 క్రెడిట్లు (చదివిన సబ్జెక్టులకు ఇచ్చే పాయింట్లు) కావాలి. కళాశాలలకు పంపే ట్రాన్‌స్క్రిప్టులో (మార్కుల పట్టికలో) కనిపించేదీ ఈ హైస్కూలు చదువే. అంతకు ముందరి ఏళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులను తరువాత ఎవరూ అడగరు. అవి ఇంట్లో ఏ అట్టపెట్టెలోనో ఉంటే ఉంటాయి, ఇల్లు మారినప్పుడు పోతే పోతాయి.

ఆ పిల్ల జ్ఞాపకం సంగతీ ఇంచుమించు అంతే. మూడేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక మనలో ఎవరికీ దాదాపు గుర్తుండవు, ఆరేడేళ్ల దాకా జరిగినవి కూడా అక్కడక్కడా ముక్కలుగానే మిగులుతాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. చిన్ననాటి సంగతులను ఇంట్లో పెద్దలు వివరంగా, పదేపదే చెప్పుకునే కుటుంబాల్లో పిల్లలు తమ గతాన్ని మరింత నిండుగా చెప్పగలుగుతారని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ ఫివుష్ వంటివారి పరిశోధనలు చూపించాయి. సీనియర్ ఇయర్‌లో ఏం జరిగిందో మీ మనవరాలికి మీకంటే బాగా తెలుసు. 2013 సెప్టెంబరులో ఏం జరిగిందో మాత్రం ఆమె ఒకరు చెబితే వినవలసిందే. ఆ ఆరు నెలలు చూసిన మనిషి మీరు. చూసింది తక్కువని మీరు సంకోచిస్తున్నారు గాని, ఆ పేజీకి అవసరమైనది మీ దగ్గరే ఉంది.

కాబట్టి 13 ఏళ్లనూ వరుసపెట్టి చెప్పే ప్రయత్నం చేయకండి. ఆ పసుపుపచ్చ బస్సు దగ్గర మొదలుపెట్టండి. చాలాచోట్ల పెద్దవాళ్లు ఎదురుగా నిలబడి ఉంటే తప్ప కిండర్‌గార్టెన్ పిల్లలను బస్సు దింపరు, కనుక మీరు ఎండలోనో చలిలోనో అక్కడ నిలబడి ఎదురుచూసి ఉంటారు. తలుపు తెరుచుకోగానే ఆ పిల్ల మొదట అన్న మాట ఏమిటి, అది తెలుగులోనా ఇంగ్లిషులోనా, ఆరు నెలల్లో ఆ భాష ఎప్పుడు మారింది? వీపున సంచీ ఎంత పెద్దదిగా ఉండేది? మధ్యాహ్నం డబ్బాలో ఏం మిగిల్చి తెచ్చేది? బడి తెరిచిన వందో రోజున వంద గింజలో వంద గుండీలో లెక్కపెట్టి తీసుకువెళ్లే ఆనవాయితీ అక్కడ చాలా బడుల్లో ఉంది. మామూలుగా ఫిబ్రవరి ప్రాంతంలో వచ్చే ఆ రోజుకు మీరు అక్కడే ఉంటే, ఆ వంద లెక్కపెట్టినవారు ఎవరో మీకు గుర్తుండవచ్చు. ఇలాంటివి రెండు గుర్తొచ్చినా చాలు, మిగతావి వదిలేయండి.

మధ్య సంవత్సరాలను ఒకటి రెండు వాక్యాల్లో దాటేయవచ్చు. ఒక్క 2020 మార్చిని మాత్రం విడిచిపెట్టకండి. అప్పుడు ఆమె ఆరో తరగతిలో, అంటే చాలామందికి మిడిల్ స్కూలులో మొదటి ఏడాదిలో ఉంది. కొత్త బడి అలవాటయ్యేలోపే కోవిడ్ వల్ల న్యూజెర్సీ అంతటా బడులు మూతపడి, తరగతి గది ఇంట్లో కంప్యూటర్ ముందుకు వచ్చింది. ఆ నెలల్లో మీతో ఫోన్‌లో ఏం మాట్లాడిందో గుర్తుంటే రాయండి. ఆ ఈడు పిల్లలందరికీ ఉమ్మడిగా ఉన్న జ్ఞాపకం అది, అయినా ఇలాంటి పేజీల్లో దాన్ని ఎందుకో ఎవరూ తలవరు.

రాయకూడనిది కూడా చెబుతాను. ప్రామ్ (హైస్కూలు చివర్లో జరిగే నృత్య వేడుక), కళాశాల ప్రవేశాలు, చివరి ఏడాది మార్కులు మీకు అక్కర్లేదు. వాటిని ఆమె స్నేహితులు చూసుకుంటారు. ‘నువ్వు మా గర్వకారణం, ఆకాశమే నీకు హద్దు’ వంటి మాటలు అలాంటి పేజీల్లో ఇప్పటికే కావలసినన్ని ఉంటాయి; పేరు మార్చి ఏ పిల్ల పేజీలో వేసినా సరిపోయే వాక్యం మీ మనవరాలి పేజీలో ఉండవలసిన పని లేదు. ఆశీర్వాదం ఉండాలి, ఒక్క వాక్యంలో ఉంటే బాగుంటుంది. ఇంజినీరింగా, వైద్యమా అన్న సలహా మాత్రం దయచేసి వద్దు.

తెలుగులోనే రాయండి, మీ చేతిరాతతో రాయండి. ఆమెకు చదవడం రాకపోతే కింద మీ అమ్మాయి రెండు ఇంగ్లిషు వాక్యాలు చేర్చవచ్చు. ముద్రణలో తెలుగు అక్షరాలు చెదిరిపోయే ప్రమాదం ఉంటుంది కనుక, తెల్లకాగితం మీద నల్ల సిరాతో రాసి, పగటి వెలుతురులో ఫొటో తీసి పంపితే, పేజీలో దాన్ని బొమ్మగా పెట్టుకోవచ్చు. ఆ వీలుందో లేదో బడిలో ముందే కనుక్కోమని మీ అమ్మాయికి చెప్పండి. పుస్తకం చేతికొచ్చేది వేసవి ముందే అయినా, కుటుంబాల పేజీలను సాధారణంగా శీతాకాలం లోపే తీసుకుంటారు. గడువు తేదీ ఈ వారమే అడిగి తెలుసుకోండి. కాగితంలో సగానికి మించకుండా రాస్తే పేజీలో 2013 నాటి ఫొటోకు కూడా చోటు మిగులుతుంది.