డోసు పెంచే ముందు సీసా సంగతి చూడమ్మా

చి.సౌ. సుజాతకి,

మామయ్య ఆశీస్సులు. మీ కుక్క జిమ్మీకి షుగరని తేలిందనీ, పూటకి 6 యూనిట్ల చొప్పున రోజుకి రెండుసార్లు ఎన్‌పీహెచ్ (మెల్లగా, ఎక్కువసేపు పనిచేసే రకం) ఇన్సులిన్ రాశారనీ మీ అత్తయ్య చెప్పింది. సూది వెయ్యడానికి చెయ్యి ఆడటం లేదటగా. వారం తిరిగేసరికి అదే అలవాటైపోతుంది, దాని గురించి బెంగ పెట్టుకోకు. అంతకంటే ముందు మందు సీసాని ఎలా చూసుకోవాలో తెలియాలి. మన వైపు ఎక్కువ మంది దెబ్బతినేది అక్కడే.

ఎండ దెబ్బ తగిలిన ఇన్సులిన్ చాలాసార్లు పైకి మామూలుగానే కనబడుతుంది. రంగు మారదు, విరగదు, బలం మాత్రం తగ్గిపోతుంది. కుక్క మళ్లీ బిందెడు నీళ్లు తాగుతుంది, అది మూత్రం పోసిన చోటికి చీమలు చేరతాయి. మందు చాలట్లేదనుకుని 6 కాస్తా 8 చేస్తారు, తర్వాత 10 చేస్తారు. ఈలోగా ఆ సీసా అయిపోతుంది, కొత్తది తెస్తారు. కొత్త సీసాలో మందు పూర్తి బలంతో ఉంటుంది కదా. అదే 10 యూనిట్లు వేస్తే కుక్క షుగరు పడిపోయి ఫిట్స్‌లోకి వెళ్తుంది. అందుకని షుగరు లెక్క తప్పినట్టు అనిపిస్తే ముందు సీసా మార్చు. కొత్త సీసాతో పాత డోసే వేస్తూ చూసి, అప్పుడు డాక్టరుగారితో మాట్లాడు. డోసు పెంచేది ఆయనే, నువ్వు కాదు.

ఇక కొనడం దగ్గర్నుంచి చెప్తాను. మందుల షాపులో ఊరికే ‘షుగరు ఇంజక్షను’ అని అడిగితే మనుషులు ఎక్కువగా వాడే 30/70 రకం చేతిలో పెడతారు. సీసా మీద పేరు పక్కన ఎన్ అనే అక్షరం ఉంటే నీకు కావాల్సిన రకం. ఆర్ అని ఉంటే అది నీళ్లలా తేటగా ఉండి తొందరగా పనిచేసేది. 30/70 అంటే ఆ రెండూ కలిపినది. డాక్టరు చీటీలో పేరూ సీసా మీద పేరూ అక్షరం అక్షరం సరిపోవాలి. మనుషుల ఇన్సులిన్ కుక్కకి పనికొస్తుందా అని అనుమానం పెట్టుకోకు. కుక్క ఇన్సులినూ పంది ఇన్సులినూ ఒక్కటే, మనిషిదానికి వాటితో ఒక్క అమైనో ఆమ్లం తేడా, అంతే. అసలు 1921లో టొరంటోలో ఈ మందు పనిచేస్తుందని మొదట తేలింది కుక్కల మీదే.

సిరంజి సంగతి మాత్రం రెండుసార్లు చదువు. మన దగ్గర 10 మి.లీ. సీసాల్లో ఎక్కువగా దొరికేది యు-40, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు. ఇన్సులిన్ పెన్నుల్లో వేసుకునే కార్ట్రిడ్జీలు (చిన్న మందు గొట్టాలు) యు-100. సిరంజిలు కూడా రెండు రకాలు. ఎర్ర మూత ఉన్నది యు-40 మందుకి, నారింజ రంగు మూత ఉన్నది యు-100 మందుకి. మూత రంగు ఒక్కటే చూసి ఊరుకోకు, సిరంజి మీద అంకె కూడా చదువు. యు-40 మందుని నారింజ మూత సిరంజితో 6వ గీత దాకా లాగితే కుక్కకి పడేది 2.4 యూనిట్లే. యు-100 మందుని ఎర్ర మూత సిరంజితో 6 దాకా లాగితే 15 యూనిట్లు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. షాపులో ఎర్ర మూతవి అయిపోయి ‘ఇవీ ఇన్సులిన్ సిరంజిలేనండీ’ అని వేరేవి ఇస్తే తీసుకోకు, ఇంకో షాపుకి వెళ్లు.

షాపువాళ్లు సీసాని ఫ్రిజ్‌లోంచే తీసి ఇస్తున్నారా లేదా చూడు. అల్మారాలోంచి తీసిస్తే వద్దను. ఇంటికి తెచ్చేటప్పుడు స్కూటీ డిక్కీలో పెట్టకు. మే నెల మధ్యాహ్నం అందులో చెయ్యి పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది. ఒక చిన్న స్టీలు ఫ్లాస్కులో ఫ్రిజ్ నీళ్లు పోసి పది నిమిషాలుంచి పారబోసి, లోపల తుడిచి, సీసాని గుడ్డలో చుట్టి పెట్టుకో. అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లొచ్చేంత దూరానికి ఇది బాగా సరిపోతుంది, ఐసుతో పనే లేదు.

ఇంట్లో తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మీది ఒక తలుపు ఫ్రిజ్ కదా, పైన ఐసు గడ్డకట్టే అర, దాని కిందే ట్రే. ఆ ట్రేలో ఎప్పుడూ పెట్టకు. వెనక గోడకి ఆనించి కూడా పెట్టకు, అక్కడ నీళ్లు మంచుగా పేరుకుంటాయి. మధ్య అరలో ముందు వైపు గానీ, తలుపుకున్న గుడ్ల అరలో గానీ అట్టపెట్టెతో సహా నిలబెట్టి ఉంచు. వెలుతురు తగలకుండా ఆ అట్టపెట్టె కాపాడుతుంది. ఒక చిన్న ఫ్రిజ్ థర్మామీటరు కొని సీసా పక్కనే పెట్టి రోజూ ఒకసారి చూడు.

వేడి కంటే ఎక్కువ భయపడాల్సింది గడ్డకట్టడానికి. వేడి ఇన్సులిన్ బలాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తుంది, గడ్డకడితే ఒక్కసారికే మందు చెడిపోతుంది. ఎన్‌పీహెచ్‌లో మందు సన్నటి స్ఫటికాలుగా నీళ్లలో తేలుతూ ఉంటుంది. గడ్డకట్టి కరిగాక అవి ముద్దలు కడతాయి, ఇక సమానంగా కలవవు. సీసా గోడలకి తెల్లగా మంచు పట్టినట్టు అంటుకున్నా, అడుగున పలుకుల్లా కనబడినా, ఎంత తిప్పినా రేణువులు కలవకపోయినా పారెయ్యి. గడ్డకట్టిందేమో అని అనుమానం వచ్చినా సరే, కరిగాక బాగానే ఉంది కదా అని వాడకు.

తెరిచిన సీసాని 25 నుంచి 30 డిగ్రీల లోపు బయటే ఉంచొచ్చని కాగితంలో ఉంటుంది. రోహిణి కార్తెలో మన ఇళ్లలో ఆ చల్లదనం ఎక్కడిది? రేకుల వంటింట్లో అయితే చెప్పనే అక్కర్లేదు. కాబట్టి తెరిచిందీ ఫ్రిజ్‌లోనే పెట్టు. మూతకి మొదటిసారి సూది గుచ్చిన రోజే బాల్‌పెన్నుతో తేదీ సీసా మీద రాయి. చాలా వాటికి తెరిచాక 4 నుంచి 6 వారాల గడువుంటుంది. నువ్వు 28 రోజులే లెక్కపెట్టుకో. జిమ్మీకి రోజుకి 12 యూనిట్లు, 28 రోజులకి 336. సీసాలో ఉండేది 400, అంటే 64 యూనిట్లు మిగులుతాయి. వాటిని పారబొయ్యడానికి చెయ్యి రాదని తెలుసు, అయినా పారబొయ్యి. వాటికోసం పొదుపు చేస్తే ఇందాక చెప్పిన డోసు గొడవలోనే పడతావు.

సూది వేసే ముందు అన్నం పెట్టు. రెండు పూటలా ఒకే వేళకి, 12 గంటల తేడాతో, ఒకే కొలతలో. కుక్క తిన్నాక సీసా తీసి రెండు అరచేతుల మధ్య అడ్డంగా పట్టుకుని ఓ ఇరవైసార్లు మెల్లగా దొర్లించు, అడుగున తెల్లదనం పోయి పాలలా ఒకే రంగుకి రావాలి. గిలక్కొట్టకు, నురగ వస్తుంది. కలపకుండా లాగితే ఒకరోజు నీళ్లు ఎక్కువ, ఇంకోరోజు మందు ఎక్కువ పడుతుంది. (పశువుల కోసం విడిగా తయారుచేసే ఇన్సులిన్‌లలో కొన్నింటిని గట్టిగానే ఊపాలి. డాక్టరు ఎప్పుడైనా మందు మారిస్తే ఈ మాట అడుగు.)

రబ్బరు మూతని స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వు. సిరంజిలోకి 6 గీతల గాలి లాగి సీసాలోకి వదులు. ఇలా చెయ్యకపోతే రోజురోజుకీ సీసాలో గాలి తగ్గి, మందు లాగడానికి బిగుసుకుపోతుంది, బుడగలొస్తాయి. సీసాని తలకిందులు చేసి, సూది మొన మందులో మునిగి ఉండేట్టు చూసుకుని, 8 దాకా లాగి, వెలుతురుకెదురుగా పట్టుకో. సూది మొదట్లో ఒక బుడగ కూర్చుని ఉంటుంది. గోటితో సిరంజిని కొట్టి దాన్ని పైకి పంపి, సీసాలోకే నొక్కి, నల్ల రబ్బరు పై అంచు 6వ గీత మీదికి తీసుకురా. ఎర్ర మూత సిరంజిలో ఒక్క గీత అంటే 0.025 మి.లీ. ఒక్క గీతంత బుడగ ఉందంటే జిమ్మీ డోసులో ఆరోవంతు పోయినట్టే. డోసు 2 యూనిట్లుండే చిన్న కుక్కకైతే సగం పోతుంది.

మెడ వెనక చర్మం వదులుగా ఉంటుంది గనక అందరూ అక్కడే పొడుస్తారు. అక్కడ రక్తం ప్రసరణ తక్కువ, మందు సరిగా ఎక్కదు. డొక్క పక్కన, పక్కటెముకల చివర చర్మాన్ని మూడు వేళ్లతో గుడారంలా పైకెత్తు. కింద ఏర్పడిన గుంటలోకి సూదిని కాస్త ఏటవాలుగా దించి, మందు నొక్కి, అయిదు లెక్కపెట్టి తియ్యి. పొద్దున కుడి వైపు, సాయంత్రం ఎడమ వైపు, రోజూ రెండంగుళాలు జరుపుతూ ఉండు. తీశాక బొచ్చు తడిగా ఉండి, మందు వాసన వస్తే సూది అవతలి వైపుకి దూసుకుపోయిందన్నమాట. అప్పుడు ఎంత మందు లోపలికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. మళ్లీ వెయ్యకు, తర్వాతి పూట దాకా ఆగు. రెండో డోసు వల్ల వచ్చే ప్రమాదం ముందు ఒక పూట షుగరు పెరగడం ఎంత? ఇంట్లో ఇద్దరు వేసేవాళ్లుంటే ఇదే తప్పు ఇంకోలా జరుగుతుంది. ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించి, వేసినవాళ్లు టైము రాసి సంతకం పెట్టండి.

అన్నం ముట్టకపోయినా, వాంతి చేసుకున్నా పూర్తి డోసు వెయ్యకు, డాక్టరుకి ఫోను చెయ్యి. తూలడం, వణకడం, పిలిస్తే పలక్కుండా పిచ్చి చూపులు చూడటం షుగరు పడిపోతున్న గుర్తులు. తేనె గానీ, గ్లూకోజు పొడి చిక్కగా కలిపి గానీ వేలితో చిగుళ్లకి రాయి. ఫిట్స్‌లో ఉంటే పళ్ల మధ్య వేలు పెట్టకుండా పెదవి లోపలి వైపు పూయి, గొంతులో మాత్రం పొయ్యకు. కోలుకోగానే కాస్త అన్నం పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లు.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తియ్యకు. మూసి ఉంచితే నాలుగ్గంటలు చల్లగానే ఉంటుంది. తుపాను పడితే అది చాలదు. 1996 నవంబరులో కోనసీమలో రోజుల తరబడి కరెంటు లేదు. అందుకని దసరా దాటగానే ఒక తెరవని సీసా, నెలకి సరిపడా సిరంజిలు ఇంట్లో పెట్టుకో. మీ ఊళ్లో రొయ్యలు సర్దే థర్మాకోల్ డబ్బాలు కావలసినన్ని దొరుకుతాయి. ఐసు ముక్కల్ని కవర్లో మూటగట్టి అడుగున వేసి, పైన దళసరి తువ్వాలు నాలుగు మడతలు పరిచి, సీసాని చిన్న డబ్బాలో పెట్టి దాని మీద ఉంచు. ఐసుకి సీసా తగలకూడదు. చేపలవాళ్లు ఉప్పు కలిపిన ఐసు అసలే వాడకు, అది సున్నాకి బాగా దిగువకి పోతుంది. ఐసు కూడా దొరక్కపోతే కుండలో కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక నింపితే కొంత కాపాడుతుంది. పడమటి పొడిగాలి కొట్టే రోజుల్లో అది బాగా చల్లబడుతుంది, సముద్రపు తేమ గాలికి, వాన రోజుల్లో అంతగా చల్లబడదు. థర్మామీటరు అందులో వేసి చూసుకున్నాకే నమ్ము.

సీసా మార్చినా, అన్నీ సరిగ్గా చేస్తున్నా షుగరు దిగకపోతే ఇంకో కారణం కూడా చూడాలి. జిమ్మీ ఆడకుక్క, ఆపరేషను కాలేదు. ఎదకొచ్చిన తర్వాత రెండు నెలలపాటు ఒంట్లో ఊరే హార్మోను ఇన్సులిన్‌ని పనిచెయ్యనివ్వదు. అండాశయాలూ గర్భసంచీ తీసేసే ఆపరేషను గురించి డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. ఆపరేషనయ్యాక ఇన్సులిన్ అవసరం తగ్గొచ్చు, అప్పుడు డోసు మళ్లీ చూపించుకోవాలి. ఇంటికొచ్చినవాళ్లు ముద్దుకొద్దీ పెట్టే కాజా ముక్కలూ, పూతరేకులూ కూడా ఆపించు.

సిరంజి ఒక్కసారికే. వాడేసిన వాటికి మూత తిరిగి పెట్టబోయి వేలు పొడుచుకోకు. దళసరి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించు. పెంటపోగులోకీ, పంటకాలవలోకీ పోనివ్వకు. నాట్లకి దిగేవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తారు. డబ్బా నిండాక పశువుల ఆస్పత్రికి గానీ, దగ్గర్లో ఉన్న ఏ ఆస్పత్రికైనా గానీ పట్టుకెళ్లు. సూదులకి వాళ్ల దగ్గర విడిగా తెల్ల డబ్బా ఉంటుంది, అందులో వేయించుకుంటారు.

ఇట్లు
మీ పెద్దమామయ్య