ప్రాజెక్ట్ రిపోర్ట్ ఏఐ రాసిందంటున్నారు... కమిటీకి ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. సర్వే చేసి ప్రాజెక్ట్ రిపోర్ట్ సొంతంగా రాశాను. ఇంగ్లిష్ అంత బాగా రాదని చివర్లో చాట్‌జీపీటీతో భాష సరిచేయించుకున్నాను. చాలా భాగం ఏఐ రాసిందేనని కాలేజీ సాఫ్ట్‌వేర్ చూపించిందట. వచ్చే వారం కమిటీ ముందుకు రమ్మన్నారు. ఏఐ వాడనే లేదని చెప్పమని ఫ్రెండ్స్ అంటున్నారు. పీజీ సీటు, ఉద్యోగం ఏమవుతాయోనని టెన్షన్‌గా ఉంది. - ఒక విద్యార్థిని

జవాబు: ఫ్రెండ్స్ చెప్పిన ఆ మాట మాత్రం అనకండి. ఇప్పుడు మీ మీద ఉన్నది ఒక సాఫ్ట్‌వేర్ అంచనా. అబద్ధం చెప్పి దొరికితే అది మీరు స్వయంగా చేసిన తప్పు అవుతుంది.

ఆ అంచనా ఎంత బలహీనమో కూడా తెలుసుకోండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో ఇలాంటి డిటెక్టర్‌నే విడుదల చేసింది. అది ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసింది. కచ్చితత్వం లేదంటూ ఆరు నెలలకే దాన్ని తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలను ఏఐవిగా చూపించాయి. తర్వాత వచ్చే పదాన్ని ఎంత తేలిగ్గా ఊహించవచ్చన్నది చాలా డిటెక్టర్లు చూసే కొలత. తేలిగ్గా ఊహించగలిగితే ఏఐ రాసిందని లెక్కేస్తాయి. తెలిసిన మాటలతో, చిన్న వాక్యాలతో జాగ్రత్తగా రాసేవాళ్లు అక్కడే దెబ్బతింటారు. కేవలం ఆ స్కోరు చూసి ఒక విద్యార్థిని దోషిగా నిలబెట్టడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

అయితే మీరు ఏఐ వాడిన మాట నిజం. కాబట్టి స్కోరు మీద వాదించడం కంటే పని మీరే చేశారని చూపించడం ముఖ్యం. గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీలో రిపోర్ట్ రోజురోజుకూ ఎలా పెరిగిందో కనిపిస్తుంది. సర్వే ఫారాలు, ఎక్సెల్ షీట్, నోట్స్ పట్టుకెళ్లండి. భయపడి చాట్ డిలీట్ చేయకండి. మీరు ఏమిచ్చారో, అది ఏం తిరిగిచ్చిందో చూపించే సాక్ష్యం అదే. పేరాలకు పేరాలు తిరగరాయించుకుని ఉంటే అదీ దాచకుండా చెప్పండి. భాష దిద్దుకోవడానికి అనుమతి ఉందా, ఉంటే రిపోర్ట్‌లో ఆ సంగతి రాయాలా అన్నది కాలేజీ నిబంధనల్లో ముందే చూసుకోండి. రాయాల్సి ఉండీ రాయకపోతే ఆ లోపాన్ని మీరే ముందుగా ఒప్పుకోండి.

వెళ్లేలోపు మీ పాత డ్రాఫ్ట్‌నూ, సరిచేసిన దాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. భాష దిద్దేటప్పుడు ఏఐ ఒక్కోసారి అర్థాన్నీ మార్చేస్తుంది. ‘నిద్ర తగ్గినవారిలో మార్కులు తక్కువగా ఉన్నాయి’ అని మీరు రాస్తే, ‘నిద్రలేమి వల్ల మార్కులు తగ్గుతున్నాయి’ అని తేల్చేస్తుంది. మీ సర్వే రుజువు చేయని విషయం మీ పేరుతో నిలబడుతుంది. రిఫరెన్సులన్నీ నిజంగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. చాట్‌జీపీటీ సృష్టించిన, అసలు లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లకూ వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది.

ఇవన్నీ సిద్ధం చేసుకున్నాక, వైవా పెట్టమని మీరే అడగండి. ఈ శాంపిల్ ఎందుకు తీసుకున్నారు, ఏ జవాబులు పక్కన పెట్టారు, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు... పని చేసినవాళ్లు వీటికి తడుముకోరు. ఇంగ్లిష్ తడబడినా ఫర్వాలేదు. ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ ప్రాజెక్ట్ మీద ఇవే అడుగుతారు కాబట్టి ఈ ప్రిపరేషన్ వృథా పోదు.

నిర్ణయం వ్యతిరేకంగా వస్తే కారణాలు రాతపూర్వకంగా అడిగి తీసుకుని, అప్పీల్ గడువు దాటకుండా దరఖాస్తు చేయండి. పీజీ అప్లికేషన్‌లో క్రమశిక్షణ చర్యల గురించి అడిగితే జరిగింది జరిగినట్టు రాసి, ఆ కాగితాలు జత చేయండి.