బీటా వేసే ముందు తిరుగుదారి చూసుకో

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రోజూ పని చేసుకునే ల్యాప్‌టాప్‌లోనే కొత్త విండోస్ బీటా, అంటే విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్, వేసి చూడాలని ఉందనీ, వేరే కంప్యూటర్ లేదు కాబట్టి ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమనీ అడిగావు. వద్దని నేను చెప్పను. విడుదలకు ముందే వాడి చూసి, లోపాలు పట్టి చెప్పేవాళ్లు లేకపోతే ఆ లోపాలే రేపు అందరి కంప్యూటర్లలోకీ వస్తాయి. అయితే బీటా బాగుంటుందా లేదా అన్నది పక్కన పెట్టి, అది మొరాయిస్తే నిన్నటి స్థితికి ఎంతసేపట్లో తిరిగి రాగలనన్న ప్రశ్న ముందుగా వేసుకో. ఇన్ని గంటల్లో వస్తానని ధైర్యంగా చెప్పలేకపోతే, ఇన్‌స్టాల్ బటన్ నొక్కే సమయం ఇంకా రాలేదన్నమాట.

బ్యాకప్ ఉందని రాశావు. దాన్ని ఎప్పుడైనా తెరిచి చూశావా? చాలా ఏళ్ల క్రితం నేను కూడా ప్రతి వారం బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకునేవాడిని. ఒక బీటా వేసే ముందు రోజు, బ్యాకప్ పూర్తయిందన్న సందేశం తెర మీద చూసి నిశ్చింతగా పని మొదలుపెట్టాను. మూడో రోజు కంప్యూటర్ బూట్ కాలేదు. డిస్క్ తెచ్చి తెరిస్తే ఫోల్డర్ల పేర్లన్నీ వరుసగా కనిపించాయి గానీ, అన్నిటికంటే ముఖ్యమైన ఫోల్డర్ లోపల ఒక్క ఫైలూ లేదు. అంతకు కొన్ని నెలల ముందు ఆ ఫోల్డర్‌ను నేను ఇంకో పార్టిషన్‌కు, అంటే డిస్క్‌లో విడగొట్టిన ఇంకో భాగానికి, మార్చాను, ఆ పార్టిషన్‌ను బ్యాకప్ జాబితాలో చేర్చలేదు. సందేశం అబద్ధం కాదు. చెప్పినవాటినన్నిటినీ అది నిజంగానే కాపీ చేసింది. పాత పెన్ డ్రైవ్‌లు వెతికి సగం రాబట్టుకున్నాను, మిగతా సగం పోయింది. ఆ రోజు నుంచి, తిరిగి తీసి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టడం మానేశాను.

కాబట్టి ఒక మూడు ఫైళ్లు ఎంచుకో. ఒకటి ఎక్కడో లోతైన ఫోల్డర్‌లో ఉన్నది, ఒకటి గత వారంలో నువ్వు మార్చినది, ఒకటి బాగా పెద్దది. ఆ మూడింటినీ బ్యాకప్ డిస్క్ నుంచి స్నేహితుడి కంప్యూటర్‌లోకి తీసి, నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడు. ఫైళ్ల కాపీతో పాటు మొత్తం డిస్క్ ఇమేజ్, అంటే డిస్క్‌కు పూర్తి నకలు, ఒకటి తీసి ఉంచుకోవడం ఇంకా మంచిది. క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాధనం పెన్ డ్రైవ్ నుంచే బూట్ అయి ఆ పని చేసిపెడుతుంది. ఇమేజ్ ఉంటే సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులు సహా ఉన్నదున్నట్టు వెనక్కి వస్తాయి. ఇక క్లౌడ్‌లో ఎలాగూ ఉన్నాయి కదా అనుకోకు. సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఇక్కడ ఫైలు చెరిగిపోతే అక్కడా చెరిగిపోతుంది. రీసైకిల్ బిన్‌లో కొన్నాళ్లు ఉంటుంది నిజమే, కానీ పోయిందన్న సంగతి నువ్వు గమనించేసరికి ఆ గడువు దాటిపోవచ్చు. 2018 అక్టోబర్ 2న వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ బీటా కూడా కాదు, అందరికీ విడుదలైనది. అయినా డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించుకున్న కొందరికి పాత చోట మిగిలిన ఫైళ్లను అది చెరిపేసింది. దాన్ని కొద్ది రోజులకే ఆపి, సరిచేసి, నవంబర్ 13న మళ్లీ విడుదల చేశారు. పరీక్షలన్నీ దాటి వచ్చినదానికే అలా జరిగిందంటే, ఇంకా పరీక్షలో ఉన్నదాని విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో ఊహించుకో.

చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. ఈ మధ్య వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌లోని సమాచారాన్ని కీ లేకుండా చదవలేని రూపంలో దాచే ఎన్‌క్రిప్షన్ తరచు మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది, విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్. బూట్ సెట్టింగులు గానీ, హార్డ్‌వేర్‌లోనే ఉండే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ గానీ మారితే, తర్వాతిసారి ఆన్ చేసినప్పుడు నీలి తెర మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెలు. అది చేతిలో లేకపోతే నీ ఫైళ్లు డిస్క్‌లో భద్రంగానే ఉంటాయి, నీకు మాత్రం అందవు. ఆ కీని అదే కంప్యూటర్‌లో టెక్స్ట్ ఫైలుగా దాచుకోవడం, తాళంచెవిని లోపల పెట్టి పెట్టెకు తాళం వేయడమే. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందేమో నీ ఫోన్ నుంచి ముందే లాగిన్ అయి చూడు. ఉన్నా సరే, కాగితం మీద అంకె అంకె సరిచూసుకుంటూ రాసి పెట్టుకో.

ఇవి అయ్యాక, బీటాను ఎక్కడ వేయాలన్నది ఆలోచించు. ముందుగా వర్చువల్ మెషిన్‌లో, అంటే నీ కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌లో, వేయమని నా మాట. అందుకు పనికొచ్చే వర్చువల్‌బాక్స్ ఉచితం, 16 జీబీ ర్యామ్ ఉంటే అందులో సగం దానికి ఇచ్చినా నీ పని సాగుతుంది. దాని అప్పటి స్థితిని స్నాప్‌షాట్‌గా భద్రపరచుకుని ఏ ప్రయోగమైనా చేసి, చెడిపోతే నిమిషాల్లో వెనక్కి రావచ్చు. కొత్త మెనూలు, కొత్త సెట్టింగులు చూడాలన్న కుతూహలం తీరడానికి అది చాలు. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, మూత వేసి తెరిస్తే నిద్ర లేస్తుందా, బ్లూటూత్, గ్రాఫిక్స్ ఎలా పని చేస్తాయి అన్నవి మాత్రం అందులో తెలియవు. అవి తెలియాలంటే అసలు హార్డ్‌వేర్ మీదే వేయాలి. అప్పుడు కూడా ఉన్న విండోస్ మీదే వేయకుండా, వేరే పార్టిషన్‌లోనో, ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఉంటే వేరే ఎస్ఎస్‌డీలోనో వేయి. పార్టిషన్ కుదించే ముందు, విండోస్‌ను త్వరగా మొదలుపెట్టే ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగును ఆపేసి, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయి. మ్యాక్ వాడే నీ స్నేహితుడికి ఈ పని ఇంకా తేలిక. మ్యాక్ డిస్క్‌లు వాడే ఏపీఎఫ్ఎస్ అనే ఫైల్ పద్ధతిలో కొత్త వాల్యూమ్ జోడిస్తే అది ఉన్న ఖాళీ స్థలాన్నే పంచుకుంటుంది, డిస్క్‌ను విడగొట్టాల్సిన అవసరం లేదు.

వేరే పార్టిషన్‌లో వేశాక కూడా నీ అసలు ఫైళ్లను బీటా వైపు నుంచి తెరవకు. కొత్త వెర్షన్ యాప్‌లు ఫోటో లైబ్రరీలను, నోట్స్‌ను తమ కొత్త పద్ధతిలోకి మార్చేస్తే, పాత వెర్షన్ వాటిని మళ్లీ తెరవలేకపోవచ్చు. కాపీలతోనే పని చెయ్యి. క్లౌడ్ ఖాతా కూడా వేరేది పెట్టుకో. బ్యాంకు పనులు, పాస్‌వర్డ్ మేనేజర్ పాత సిస్టమ్‌లోనే ఉండనీ.

ఈ చివరి మాట అతిజాగ్రత్త అనిపిస్తుందేమో, అందుకే ఒక సంగతి చెబుతాను. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో రహస్యంగా దొంగదారి పెట్టారని బయటపెట్టాడు. తాను వాడుతున్న డెబియన్ అనే లైనక్స్ సిస్టమ్ పరీక్ష వెర్షన్ అన్‌స్టేబుల్‌లో, దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, కారణం వెతుక్కుంటూ వెళ్లి అతను దాన్ని పట్టుకున్నాడు. అప్పటికి ఆ వెర్షన్లు చేరినది ఎక్కువగా పరీక్ష దశలో ఉన్న సిస్టమ్‌లలోకే. డెబియన్ స్థిర వెర్షన్ వాడేవాళ్లకు అవి అందలేదు. ఉబుంటు అనే ఇంకో లైనక్స్ సిస్టమ్ 24.04 బీటా కూడా ప్యాకేజీలను మళ్లీ తయారు చేయడం కోసం వారం ఆలస్యమైంది. కొత్తది ముందుగా అందుకునేవాళ్లకు దానితో వచ్చే ప్రమాదమూ ముందుగానే అందుతుంది.

ఇన్ని చెప్పినా చివరికి నువ్వు ఉన్న విండోస్ మీదే వేస్తావేమో. నీ వయసులో నేనూ ఆగలేదు. అలా వేస్తే, సెట్టింగులలో పాత వెర్షన్‌కు వెళ్లే సదుపాయం మామూలుగా 10 రోజులే ఉంటుందని గుర్తుంచుకో. స్థలం కోసం, పాత విండోస్ దాచి ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ను తీసేస్తే ఆ దారి అప్పుడే మూసుకుపోతుంది. అందుకే వేసిన మొదటి వారంలోనే ప్రింటర్, కాలేజీ వీపీఎన్, వీడియో కాల్, ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒకసారి నడిపి చూడు. పరీక్షలు, ప్రాజెక్టు గడువులు దగ్గరలో ఉన్నప్పుడు మాత్రం ఆ ఊసే ఎత్తకు. విండోస్ బీటాలు అందించే మైక్రోసాఫ్ట్ ఇన్‌సైడర్ కార్యక్రమంలో చేరేటప్పుడు కూడా విడుదలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న దశనే ఎంచుకో. తొలి దశల్లో చేరితే బయటికి రావడానికి మొత్తం ఫార్మాట్ చేయాల్సి రావచ్చు.

లోపం కనబడితే ఊరుకోకుండా రాసి పంపు. ఏం చేస్తుంటే వచ్చింది, ఏం జరగాలి, ఏం జరిగింది, మళ్లీ చేస్తే మళ్లీ వస్తోందా అన్నవి నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. 2018లో ఫైళ్లు పోయాయని కొందరు పరీక్షకులు విడుదలకు ముందే రాశారు, కానీ వేలాది ఫిర్యాదుల మధ్య ఆ కొన్నీ ఎవరి కంటా పడలేదు. ఆ తర్వాతే, నష్టం ఎంత తీవ్రమో కూడా రాసే ఏర్పాటును, విండోస్‌లో ఫిర్యాదులు పంపే ఫీడ్‌బ్యాక్ హబ్ యాప్‌లో చేర్చారు. నువ్వు రాసేటప్పుడు ఆ గడిని ఖాళీగా వదలకు.

ఈ వారంలో రికవరీ కీ కాగితం మీద రాసుకుని, ఆ మూడు ఫైళ్లూ స్నేహితుడి కంప్యూటర్‌లో తెరిచి చూసి, ఏది తెరుచుకుందో ఏది తెరుచుకోలేదో నాకు రాయి. ఏదైనా తెరుచుకోకపోతే బీటా సంగతి తరువాత, ముందు బ్యాకప్‌ను ఇద్దరం కూర్చుని సరిచేద్దాం.

నీ మామయ్య