‘గుంజుతున్నయి’ అన్న మాటను ఏ గడిలో రాయాలి?

ప్రశ్న: నేను ఒక నర్సింగ్ కళాశాలలో ట్యూటర్‌గా పనిచేస్తున్నాను. మా విద్యార్థినులు కేస్ స్టడీలు శుభ్రంగానే రాస్తారు కానీ, ఇరవై మంది రాసినవి వరుసగా చదివితే అందరూ ఒకే రోగిని చూసి వచ్చినట్టు ఉంటుంది. కవిత్వం రాయిస్తే ఈ పరిస్థితి మారుతుందేమోనని వారానికి ఒక గంట అడిగాను. “ఉన్న సిలబస్సే పూర్తి కావడం లేదు, పైగా కవితలా?” అన్నారు సహోద్యోగులు. నర్సింగ్ చదువులో కవిత్వానికి నిజంగా చోటు ఉందా? ఉంటే ఎలా మొదలుపెట్టాలి? మార్కులు వేయాలా?
— ఒక ట్యూటర్, హైదరాబాద్

జవాబు: చోటు ఉంది. మీరు గుర్తించిన లోపానికి కవిత్వం సరిగ్గా సరిపోయే మందు అని నా నమ్మకం. అలా ఎందుకు అంటున్నానో ఒక అనుభవంతో చెబుతాను.

చాలా ఏళ్ల కిందట మెడికల్ వార్డులో ఒక పెద్దావిడ నా విద్యార్థినితో, “నాలుగడుగులేస్తే పిక్కలు గుంజుతున్నయి బిడ్డా, జరసేపు నిలబడితే తక్కువైతది” అన్నది. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, తల ఊపి, చార్టులో ‘కాళ్ల నొప్పి ఉంది’ అని రాసింది. రాసినదాంట్లో అబద్ధం లేదు, కానీ ఆవిడ ఇచ్చిన సమాచారంలో ముఖ్యమైనదంతా అందులోంచి జారిపోయింది. నడిస్తే పిక్కలు గుంజడం, ఆగితే తగ్గడం కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేదనడానికి ఒక సూచన. అదే అరికాళ్లు మండుతున్నాయని, చీమలు పాకినట్టుందని అంటే, మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నాయేమోనని ఆలోచించాలి. రోగి వాడిన మాటే రోగ లక్షణమైనప్పుడు, దానిని మన మాటలోకి మార్చి రాయడమంటే లక్షణాన్ని చెరిపివేయడమే అవుతుంది.

ఇది సాహిత్యాభిమానంతో అంటున్న మాట కాదు. నొప్పి మీద పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే 78 మాటలను 20 వర్గాలుగా విడదీసి పెట్టారు. ఏ మాట ఎంచుకున్నారన్నదాన్ని బట్టి నొప్పి స్వభావాన్ని అంచనా వేయడమే దాని ఉద్దేశం. మన భాషకు ఆ సంపద తక్కువేమీ లేదు. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, మంట వేరు. పీకడం, లాగడం, గుచ్చడం, మెలిపెట్టడం దేనికదే. పాతబస్తీ నుంచి వచ్చిన తల్లి మంటను ‘జలన్’ అంటుంది, పాలమూరు రైతు ‘పానం గాబరైతంది’ అంటాడు. ఈ మాటలన్నీ మన వార్డుల్లో రోజంతా వినిపిస్తూనే ఉంటాయి, సాయంత్రానికి అవన్నీ ‘నొప్పి ఉంది’గా మారిపోతాయి. మాటను మార్చకుండా పట్టుకోవడం నేర్పే చదువు కవిత్వం ఒక్కటే.

కాబట్టి ఛందస్సుతోనో, గొప్ప భావాలతోనో మొదలుపెట్టకండి. క్లినికల్ పోస్టింగ్ (వార్డులో శిక్షణ) ముగిసిన తరువాత పది నిమిషాలు ఇచ్చి, ఆ రోజు ఒక రోగి అన్న ఒక్క వాక్యాన్ని ఆ యాసలోనే రాయమనండి. రెండు మూడు వారాలు ఇంతే చేయించండి. ఆ తరువాత నానీలు రాయించండి. ఆచార్య ఎన్. గోపి రూపొందించిన ఈ ప్రక్రియకు నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు ఉంటే చాలు. డ్యూటీ చేసి అలసిన పిల్లలకు ఆ కొలత భారం కాదు, పైగా అంత ఇరుకులో ఉత్త మాటలకు చోటు దొరకదు. నేను చెప్పిన ఆ అమ్మాయే తరువాత ఒకనాడు ఇలా రాసి తెచ్చింది:

చార్టులో
నొప్పి అని రాశాను
రాత్రంతా ఆమె కాళ్లు
నన్ను గుంజాయి

మర్నాడు ఆ విద్యార్థిని ఎవరూ చెప్పకుండానే పెద్దావిడ దగ్గరికి వెళ్లి, ఎంత దూరం నడిస్తే గుంజుతున్నాయో, ఎంతసేపు ఆగితే తగ్గుతోందో అడిగి, పాదాల నాడి చూసి, ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పింది. కవిత ఆమె చేత చేయించిన పని అది.

పిల్లల్లో కొందరికి కవిత్వం పడదు, వారిని బలవంతపెట్టవద్దు. వారిని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్లి, ముసుగు రెబెక్కా విగ్రహం ముందు పది నిమిషాలు నిలబెట్టండి. నేను తీసుకువెళ్లినప్పుడు అందరూ ముందుగా ‘ఆమె సిగ్గుపడుతోంది’ అన్నారు. రాతిలో ఏది చూసి అలా అంటున్నారని అడిగితే, అప్పుడు తల వంపు, దించిన కళ్లు, పాలరాయి మీద తడిబట్టలా పరుచుకున్న ముసుగు మడతలు ఒక్కొక్కటిగా కనిపించడం మొదలైంది. వార్డుకు తిరిగి వచ్చాక ‘రోగి సహకరించడం లేదు’ అని రాసిన అమ్మాయిని అదే ప్రశ్న అడగవచ్చు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థులకు చిత్రాలను ఇలా చూడటం నేర్పితే వారి పరిశీలనాశక్తి మెరుగుపడిందని 2001లో ప్రచురించారు.

సహోద్యోగులకు రెండు విషయాలు చెప్పండి. అమెరికా నర్సింగ్ అధ్యాపకురాలు బార్బరా కార్పర్ 1978లోనే నర్సింగ్ జ్ఞానాన్ని నాలుగు విధాలుగా వివరిస్తూ, శాస్త్రజ్ఞానం, నైతికజ్ఞానం, స్వీయజ్ఞానాలతో పాటు కళాత్మక జ్ఞానాన్నీ సమానంగా నిలబెట్టారు. ఇక రెండోది మన ఊరి సంగతే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్, ఆ కనుగోలు మీద పద్యం కూడా రాశారు. సూక్ష్మదర్శినిలో చూసిన కన్నే పద్యాన్నీ రాసింది.

మార్కులు మాత్రం వేయకండి. వేసిన రోజు నుంచి పిల్లలు మీకు నచ్చే కన్నీళ్లు రాస్తారు. కేస్ స్టడీలో రోగి మాటలను యథాతథంగా నమోదు చేసినందుకు మార్కులు ఇవ్వండి, అది న్యాయం.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా డ్యూటీలో మొదటిసారి ఒక రోగి చనిపోయారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. దాని గురించి కవిత రాసి స్టేటస్‌లో పెట్టాలని ఉంది. తప్పా?
— ఒక విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: రాయడం తప్పు కాదమ్మా, తప్పకుండా రాయండి. స్టేటస్‌లో మాత్రం పెట్టవద్దు. పేరు తీసేసినా మంచం, వార్డు, ఊరు, జబ్బు కలిస్తే ఆ కుటుంబం తమ మనిషిని గుర్తుపడుతుంది. వారి దుఃఖాన్ని వారికంటే ముందు మనం లోకానికి చెప్పకూడదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమను కలచివేసిన సంఘటనల గురించి రాయించారు. రాసిన వెంటనే వారి మనసు ఇంకా బరువెక్కింది. తరువాతి నెలల్లో మాత్రం వారు ఆరోగ్య కేంద్రానికి వెళ్లే అవసరం తగ్గింది. అందువల్ల రాసిన రాత్రి ఏడుపు వస్తే భయపడకండి, కానీ ఒంటరిగా గదిలో కూర్చుని రాయవద్దు, పక్కన స్నేహితురాలు ఉండాలి. నిద్ర రెండు వారాలకు మించి పట్టకపోతే కాగితం సరిపోదు, మీ క్లాస్ కోఆర్డినేటర్‌కు చెప్పి కౌన్సెలర్‌ను కలవండి.

ఆ రోగి చివరిగా మీతో ఏమన్నారో గుర్తుంటే, మొదటి పాదంగా అదే రాయండి.